ఎవరు తిప్పారు?

అక్టోబర్ 5, ఆదివారం

ఈ రోజు నాలుగు కోన్‌లు పడిపోయాయి.

రాసుకుంటే వాక్యం ముచ్చటగానే ఉంది. ఇదే వాక్యం అక్కడ పైకి అన్నందుకు ఎండలో దారంతా కాలినడకన తిరిగి రావాల్సి వచ్చింది.

మూతపడిన ఫ్యాక్టరీ వెనక ఒకప్పుడు లారీలు నిలిపిన సిమెంటు మైదానం అది. ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడ నారింజ రంగు కోన్‌లు పేర్చి, మెలికలు తిరిగే దారి ఒకటి వేస్తారు. ఒక్కొక్క కారే వెళ్ళాలి, ఒక్క కోన్‌నూ తాకకుండా తిరిగి రావాలి. దీన్నే ఆటోక్రాస్ అంటారు. గడియారం పెట్టుకుని పోటీ పడేవాళ్ళు వేరే ఉన్నారు. మాది మొదటి మెట్టు బడి, ఐదు ఆదివారాలు. కారు మన అదుపులో ఉండటమంటే ఏమిటో నేర్పుతారు. (నేను వాటిని శంకువులు అంటే అందరూ నవ్వారు. నవ్వనీ. శంకువు. ఎంత బాగుంది.)

నేర్పే సారుకు అరవై దాటి ఉంటాయి. మెడలో విజిల్, చేతిలో సుద్దముక్క. ప్రతి కోన్ చుట్టూ నేల మీద నలుచదరంగా గీత గీస్తారు. కోన్ కదిలితే ఎంత కదిలిందో ఆ గీతే చెబుతుంది. నా మొదటి చుట్టు అవ్వగానే కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఏమైంది?"

"నాలుగు పడిపోయాయండీ."

"ఎవరు పడేశారు?"

"అంటే... కారు కాస్త ఎక్కువ తిరిగిపోయింది."

"ఎవరు తిప్పారు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మనిషి లేని వాక్యం చెప్తే దారంతా నడిచి రావాలి. ఇక్కడ అదే రూలు. దిగమ్మా."

దిగాను. నడిచాను. నాలుగు కోన్‌లనూ ఎత్తి సుద్ద గళ్ళలో నిలబెట్టాను. నాతో పాటు నేర్చుకుంటున్న పళ్ళ డాక్టరుగారు, మా అమ్మ వయసావిడ, అవతలి నుంచి కేకేశారు. "బాధపడకు పాపా! నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ అంతే. 'పన్ను పుచ్చిపోయిందండీ' అంటారు. 'నేను తోముకోలేదండీ' అన్నవాణ్ణి ఇరవయ్యేళ్ళలో ఒక్కణ్ణి చూడలేదు."

సారుకు అప్పుడే పేరు పెట్టేశాం. ఎవరు సారు.

ఇంటికి రాగానే నాన్న మొదటి ప్రశ్న: "వాళ్ళ బండ్లకి టైర్లు బాగున్నాయా?"

"బాగున్నాయి నాన్నా. గాలి కూడా చూసే ఎక్కిస్తారు."

"అదీ పద్ధతి." అని లేచి వెళ్ళి, మెట్ల కింద ఆనించి ఉన్న, మా కారుకు తీసేసిన పాత టైరు గాట్లలో బొటనవేలు పెట్టి తడిమి చూశాడు. జూలై నుంచి రోజూ చూస్తున్నాడు. అరిగిన టైరు మళ్ళీ మొలుస్తుందా?

అక్టోబర్ 6

వ్యాకరణం క్లాసులో కూర్చుని ఎవరు సారు గురించే ఆలోచించాను. ఆయనకు తెలియకుండా ఆయన నేర్పుతున్నది వ్యాకరణమే! జారు, జార్చు. తిరుగు, తిప్పు. ఆగు, ఆపు. పడు, పడవేయు. నడుచు, నడుపు. ప్రతి జంటలోనూ మొదటి మాటలో మనిషి అక్కర్లేదు. రెండో మాటలో మనిషి లేకుండా కుదరదు. గ్లాసు పగిలింది. పాలు పొంగాయి. ఆలస్యమైంది. మనిషి తప్పుకోవడానికి ఎన్ని దొడ్డిదారులు! ఇంటికొచ్చి ముప్పై ఒక్క జంటలు రాశాను.

జూలై సంగతి వేరు. వాన వెలిసిన సాయంత్రం, నేను నడుపుతుంటే, కుడి మలుపులో కారు జారింది. ఎడమ పక్క గోడకు తగిలింది. నా పక్కన కూర్చున్న అమ్మ కుడి మణికట్టు విరిగింది. అక్కడ జారడం నిజంగా జారడమే. కాబట్టి ఆ వాక్యానికి ఏ దోషమూ లేదు.

అక్టోబర్ 9

నాన్న ఫోన్లో డిపో మేనేజరుతో మాట్లాడుతుంటే విన్నాను. ఇరవై రెండేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి, ఒక్క గీత పడనివ్వలేదు. కొత్తగా చేరే డ్రైవర్లకు నేర్పే పని నాన్నకి ఇస్తామంటున్నారు. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన పని.

"నా వల్ల కాదు సార్. ... లేదు సార్, ఆరోగ్యం బాగానే ఉంది. ... అరిగిపోయిన టైర్లతో సొంత పిల్లని రోడ్డు మీదికి పంపిన వాణ్ణి. నేను ఇంకొకళ్ళకి ఏం నేర్పుతాను? ... సరే సార్. ముప్పై ఒకటి దాకా ఆలోచిస్తా. ఆలోచించినా ఇదే మాట."

ముందు గదిలో అమ్మ కుట్టు మిషను ఆగింది. (అమ్మ ఆపింది.) అమ్మ ఇప్పుడు చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతుంది. కుడి మణికట్టు పూర్తిగా వంగదు. రోజుకు ఆరు జాకెట్లు కుట్టే మనిషి, ఇప్పుడు మూడు.

నాన్న నన్ను ఈ బడికి పంపింది కూడా అందుకే. "నా దగ్గర నేర్చుకున్నది చాల్లేదు తల్లీ. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకో."

అక్టోబర్ 12, ఆదివారం

ఒకే కోన్. మూడుసార్లు. ఎడమ వైపు మూడోది.

"దాన్ని ఎందుకు కొట్టావు?" అని ఎవరు సారు.

"ఈసారి దాన్ని కొట్టకూడదని, దాని మీదే కన్నేసి వెళ్ళాను సార్." మనిషి ఉన్న వాక్యమే చెప్పాను.

"అందుకే కొట్టావు. చేతులు నీ మాట వినవమ్మా, నీ కళ్ళ మాట వింటాయి. కోన్‌ని చూస్తే కోన్ దగ్గరికే తీసుకుపోతాయి. మలుపు తిరిగాక ఎక్కడికి వెళ్ళాలో అటు చూడాలి. ఎటు చూస్తే కారు అటే పోతుంది."

"సార్!" పళ్ళ డాక్టరుగారు చెయ్యెత్తారు. "కారు పోతుంది అన్నారు. మనిషి ఏడీ?"

సారు విజిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, దారంతా నడిచి వచ్చారు. ఆవిడ మలుపు మలుపుకీ విజిల్ ఊదారు. నవ్వీ నవ్వీ నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

నాలుగో చుట్టులో మూడో కోన్‌ని చూడనేలేదు. దాని అవతల ఖాళీ నేలనే చూశాను. కోన్ అలాగే నిలబడి ఉంది.

అక్టోబర్ 13

ఆ గోడ ఎడమ వైపు ఉంది.

అక్టోబర్ 14

పరీక్షకు చదువుకోవాలి. ఇవాళ ఏమీ రాయను.

అక్టోబర్ 19, ఆదివారం

ట్యాంకరుతో నేలంతా నీళ్ళు కొట్టించి, సబ్బు నురగ కలిపారు. ఇవాళ జారడమే పాఠం. "ఇవాళ కోన్‌లు లేవు. కావాలని జారండి. జారితే ఎలా ఉంటుందో చేతికి తెలియాలి" అన్నారు సారు.

మొదటిసారి భయంతో కళ్ళు మూసుకున్నాను. రెండోసారి తెలిసింది. అప్పటిదాకా చేతుల్లో బరువుగా ఉన్న స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది, ఉత్త అట్టముక్క పట్టుకున్నట్టు. ఎంత తిప్పినా అవతల ఎవరూ పలకరు. కాలు తీసి, చేతులు సరిచేసి, ఓపిక పడితే మళ్ళీ బరువు వస్తుంది. నేల మళ్ళీ పలుకుతుంది. ఈ అనుభవానికి ఒక మాట ఉండాలి. దొరకలేదు.

"ఏం చేశావు?"

"నేను కారును జార్చాను సార్. నేనే ఆపాను."

"భేష్!"

దిగాక అడిగాను. ఎందుకడిగానో. "సార్, కారు జారితే నడిపే వాళ్ళకి తప్పకుండా తెలుస్తుందా?"

"నువ్వే చూశావుగా. చెయ్యి కింద నేల పోయినట్టు ఉండదూ?"

"ఒకవేళ అలా అనిపించలేదనుకోండి. స్టీరింగు చివరిదాకా బరువుగానే ఉందనుకోండి."

"అయితే జారలేదన్నమాట." సారు సుద్దముక్క చేతిలో తిప్పుతూ నా వైపు చూశారు. "ఎప్పుడు?"

"ఊరికే అడిగాను సార్."

అక్టోబర్ 21

రాస్తాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

ఈ డైరీ వెనక పేజీల్లో నేను మాటలు దాచుకుంటాను. కొత్తవి, వింతవి, తప్పుగా రాసినవి. ఇవాళ ఒక మాట కోసం వెతుకుతుంటే జూలై పేజీ తగిలింది. (నేనే తీశాను.) జూలై 11 కింద ఒకే ఒక మాట ఉంది: నేర్పడబును.

అది ఎక్కడిదో నాకు తెలుసు. ఆ మలుపులో ఎడమ పక్క గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాలు ఉన్నాయి: "ఇచ్చట కుట్టుపని నేర్పడబును." నేర్పబడును అని రాయబోయి పెయింటరు అక్షరాలు తారుమారు చేశాడు. నేను చూశాను. పగలబడి నవ్వాను. "అమ్మా, అమ్మా, చూడు! నేర్పడబును!" అన్నాను. కుట్టుపని గురించి కదా, అమ్మకి చూపించకపోతే ఎలా. ఇంకా తప్పులున్నాయేమోనని కింద వరస కూడా చదవబోయాను. కింద ఫోన్ నంబరు. అందులో మొదటి మూడు అంకెలు ఇప్పటికీ చెప్పగలను. నాలుగో అంకె దగ్గర గోడ తగిలింది.

గోడ తగల్లేదు. నేను గోడకు కొట్టాను.

స్టీరింగు తేలిక కాలేదు. చివరిదాకా బరువుగానే ఉంది. నేను తిప్పలేదు, అంతే. టైర్లు ఎంత అరిగినా, తిప్పని మలుపు తిరగదు.

ఆసుపత్రిలో అమ్మ చేతికి కట్టు కడుతుంటే, బయట బెంచీ మీద కూర్చుని, మర్చిపోతానేమోనని ఆ మాట రాసుకున్నాను. అక్షరాలు వణకను కూడా లేదు. కాసేపటికి నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. "కారు జారింది నాన్నా" అన్నాను. అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. అలాంటప్పుడు అందరూ అనే వాక్యం అది. నోటికి అదే వచ్చింది. (నేనే తెచ్చుకున్నాను.) నాన్న కిందకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళెవరో ఆసుపత్రి దాకా నడిపి తెచ్చిన మా కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టైరులో వేలు పెట్టి చూశాడు. లేచినప్పుడు ముఖం వేరే మనిషి ముఖంలా ఉంది.

నేను ఇచ్చిన వాక్యంలో మనిషి లేడు. ఆ ఖాళీలోకి నాన్న వెళ్ళి నిలబడ్డాడు.

అక్టోబర్ 22

చెప్పలేదు.

అక్టోబర్ 23

చెప్పలేదు. నాన్నకి జలుబు.

అక్టోబర్ 24

చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. అవకాశం దొరకలేదు. అంటే, నాన్న ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. పావుగంట కూర్చున్నాడు. నేను ఫ్రిజ్ తలుపు తెరిచాను, మూశాను.

అక్టోబర్ 25

అయినా టైర్లు అరిగిన మాట నిజమే కదా. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

అమ్మకి తెలుసు. పక్కనే కూర్చుంది, నేను నవ్వడం చూసింది, తనూ నవ్వింది. మూడు నెలలుగా ఒక్క మాట అనలేదు. నన్ను కాపాడుతోందా? లేక నేనే చెప్తానని చూస్తోందా?

అక్టోబర్ 26, ఆదివారం

ఒక్క కోన్ కూడా పడెయ్యలేదు. రెండు చుట్లూ.

సారు పక్క సీట్లో కూర్చుని ఉన్నారు. ఆగగానే, "ఇంతకు ముందు నీకు ఎవరు నేర్పారు?" అన్నారు.

"మా నాన్న సార్. బస్సు డ్రైవరు."

"అనుకున్నా. మొదటి రోజే అనుకున్నా. చేతులు చక్కగా పెట్టావు, క్లచ్ మీద ఊరికే కాలు పెట్టి ఉంచవు, బ్రేకు మెత్తగా వేస్తావు. ఎవరో శ్రద్ధగా కూర్చోబెట్టి నేర్పిన చేతులు ఇవి. నీకు నేను నేర్పింది ఏమీ లేదమ్మా, ఎటు చూడాలో తప్ప. చేతులు ఆయనవి. చూపు ఒక్కటే నీది."

నేను ఏడ్చాను. ఏడుపు రాలేదు, నేను ఏడ్చాను. సారు కంగారుపడి విజిల్ ఊదేశారు. అవతల తన వంతు కోసం నిలబడ్డ డాక్టరుగారు అది తనకేననుకుని కారు బయలుదేరదీసి రెండు కోన్‌లు పడేశారు.

అక్టోబర్ 28

చెప్పాను.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళబోతూ నాన్న షూ లేసులు కడుతున్నాడు. అమ్మ మిషను దగ్గర ఉంది. వాక్యాలు ముందే రాసుకున్నాను. అన్నిటికీ మొదట 'నేను' పెట్టుకున్నాను, దారిలో పారిపోకుండా.

"నాన్నా, జూలైలో కారు జారలేదు. నేను గోడ మీద బోర్డు చదువుతూ రోడ్డు చూడలేదు. నేను స్టీరింగు తిప్పలేదు. నేను గోడకి కొట్టాను. నేను అమ్మ చెయ్యి విరగ్గొట్టాను. నేను నీకు జారిందని చెప్పాను."

నాన్న లేసు వదల్లేదు. "ఎంత స్పీడు?"

"ముప్పై ఐదు."

"గేరు?"

"మూడు."

"బ్రేకు ఎప్పుడు వేశావు?"

"వెయ్యలేదు."

"స్టీరింగు తేలికైందా?"

"లేదు నాన్నా."

"మరి టైరు కాదు" అన్నాడు. తనలో తాను అన్నట్టు. మళ్ళీ అన్నాడు. "టైరు కాదు." ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. పీల్చుకోలేదు. అమ్మ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

అమ్మ గుడ్డ మీంచి తల ఎత్తలేదు. "తెలుసండీ."

"మూడు నెలలు. రోజూ పొద్దున్న ఆ టైరు తడుముతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారన్నమాట."

"అది చిన్నపిల్ల. భయపడింది. నేను చిన్నపిల్లని కాను." అమ్మ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "దాని నోటితోనే రావాలని ఆగాను. మీరు ఇంత కుంగిపోతారనుకోలేదు. కుంగాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. అది నేను చేసిన పని. దాన్ని ఏమీ అనకండి."

నాన్న రెండో లేసు కట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. మర్చిపోయి కాదు. వదిలేశాడు.

అక్టోబర్ 29

నాన్న మాట్లాడలేదు. టైరు వైపూ వెళ్ళలేదు.

అక్టోబర్ 30

డబ్బా తీసుకెళ్ళాడు. సాయంత్రం ఖాళీ డబ్బా నా చేతికే ఇచ్చాడు. అమ్మ చేతికి కాదు. నా చేతికే ఇచ్చాడు.

అక్టోబర్ 31

పొద్దున లేచేసరికి మెట్ల కింద టైరు లేదు. గోడ మీద నల్లటి గుండ్రని మరక మాత్రం మిగిలింది. ఫోన్లో నాన్న గొంతు వినిపించింది. నన్ను చూసి కొంచెం గట్టిగా మాట్లాడాడేమో కూడా.

"వస్తాను సార్. ఎల్లుండి నుంచి కాదు, సోమవారం నుంచి. ... ఒక్క షరతు సార్. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఏదైనా పొరపాటు చేస్తే 'అయిపోయింది' అనకూడదు. 'చేశాను' అనాలి. ... ఆఁ, మా అమ్మాయి బడిలో రూలు సార్ అది."

ఫోను పెట్టి నా వైపు చూశాడు. "టైర్లు అరిగిన మాట కూడా నిజమే. నేను మార్చలేదు. అది నాది. దాన్నీ నీ ఖాతాలో వేసుకోకు."

"సరే నాన్నా."

"ఏం రాశాడే వాడు ఆ గోడ మీద?"

"నేర్పడబును."

పెదవులు బిగించుకున్నాడు. మీసం కదిలింది. నవ్వనివ్వలేదు దాన్ని. ఇంకా కోపం ఉంది. ఉండనీ.

నవంబర్ 2, ఆదివారం

బడి చివరి రోజు. ఇంటి నుంచి ఎవరినైనా తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టుకోవచ్చన్నారు. నాన్న వస్తాడనుకున్నాను. అమ్మ చీర మార్చుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది. జూలై తర్వాత అమ్మ నా కారు ఎక్కలేదు.

మైదానంలో ఒక్క కోన్ పడేశాను. చెప్పాను కూడా, అడగకముందే. ఎవరు సారు అమ్మకి దండం పెట్టి, "మీ అమ్మాయి వాక్యాలు బాగా నేర్చుకుందండీ, డ్రైవింగు కూడా పరవాలేదు" అన్నారు.

తిరిగి వస్తూ ఆ దారి పట్టాను. వేరే దారి ఉంది. నేనే ఇటు తిప్పాను. మలుపు ముందు అమ్మ కుడిచెయ్యి ఒళ్ళో ఉన్న సంచీని గట్టిగా పట్టుకుంది. ఆ మణికట్టు ఎంత వంగగలదో అంతా వంగింది.

"అమ్మా, ఆ బోర్డు..."

"నువ్వు రోడ్డు చూడు. బోర్డు నేను చదువుతాను."

చూపు మలుపు అవతలికి పెట్టాను. అక్కడ చెట్టు నీడ, ఆగి ఉన్న సైకిలు, దాని తర్వాత ఖాళీ రోడ్డు. స్టీరింగు చేతుల్లో బరువుగా, మెల్లగా తిరుగుతోంది. తిప్పుతున్నాను. ఎడమ పక్కన నీలం రంగు ఏదో కంటి అంచున కదిలింది.

అమ్మ బళ్ళో పిల్లలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. "ఇచ్చట... కుట్టుపని... నేర్పడబును."

గోడకు మళ్ళీ రంగు వేసినట్టున్నారు, తడి రంగు వాసన వచ్చింది. తప్పు ఇంకా అలాగే ఉందో, ఎప్పుడో దిద్దేశారో, నన్ను నవ్వించడానికి అమ్మే అలా చదివిందో నాకు తెలియదు.

నేను చూడలేదు.